విజయవాడ చలికి నాలుగు పొరల బొంత

మన ఊళ్లో చలి అంటే ఉత్తరాదివాళ్లు నవ్వుతారు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 18, 19 డిగ్రీలుంటే మనకు అదే గజగజ. పైగా దోమల కోసం ఫ్యాన్ తిరుగుతూనే ఉండాలి, ఆ గాలికి ఏదో ఒకటి కప్పుకోకా తప్పదు. పడుకునేటప్పుడు తన్నేసిన దుప్పటిని నాలుగింటికి చీకట్లో తడుముకునే చలి ఇది. బొచ్చు బొచ్చుగా ఉండే పాలిస్టర్ బ్లాంకెట్ దీనికి ఎక్కువైపోతుంది, గంటకే మెడ కింద చెమట పడుతుంది. ఒంటిపొర దుప్పటేమో చాలదు. పాత నూలు చీరల బొంత సరిగ్గా ఈ మధ్యలో కుదురుతుంది. పొరల సందున కదలకుండా నిలిచిన గాలి వెచ్చదనాన్నిస్తుంది, నూలు చెమటను పీల్చుకుంటుంది.

కాబట్టి ముందు తేల్చాల్సింది ఎన్ని పొరలు అన్నది. పసివాళ్ల కింద పరిచేదానికి రెండు చాలు (ఏడాదిలోపు పిల్లలకు బొంత కింద పరచడానికే వాడండి. పైన వదులుగా కప్పితే నిద్రలో ముఖం మీదికి వచ్చే ప్రమాదం ఉంది). ఫ్యాన్ కింద పడుకునే పెద్దవాళ్లకు మూడు. చలి ఓర్చుకోలేని ముసలివాళ్లకు, కృష్ణ ఒడ్డున, పొలాల పక్కన ఉండేవాళ్లకు నాలుగు. ఐదు దాటితే అది కప్పుకునేది కాదు, పరుచుకునేది. సూది కూడా తేలిగ్గా దిగదు.

రెండో లెక్క కొలత. డబుల్ కాట్‌కు సరిపడా ఒకే పెద్ద బొంత కుట్టాలని చాలామంది ఉబలాటపడతారు. నేను వద్దంటాను. బొంత కొలతను ఉతికేవాళ్ల చేతుల్ని చూసి తేల్చుకోవాలి. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవున్న నాలుగు పొరల బొంత పొడిగా ఉన్నప్పుడు కిలో పైచిలుకు తూగుతుంది. నీళ్లు పట్టాక దాన్ని బకెట్లోంచి ఎత్తడమే ఒక పని. డబుల్ సైజయితే ఇద్దరు పట్టాలి. ఉతకలేని బొంత రెండేళ్లలో వాసన కొట్టి అటక ఎక్కుతుంది. ఇద్దరికి రెండు బొంతలు కుట్టుకోవడమే మేలు.

ఇక చీరలు. మంగళగిరి, వెంకటగిరి, చీరాల, ఏ నూలైనా ఏళ్ల తరబడి ఉతికి మెత్తబడ్డదైతే బాగుంటుంది. పాతబడటం వేరు, చివికిపోవడం వేరు. చీరను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని రెండు బొటనవేళ్లతో అడ్డంగా లాగండి. నేత కాస్త సాగి ఆగితే పనికొస్తుంది. పర్రుమంటే పక్కన పెట్టేయండి. చివికినదాన్ని లోపలి పొరగా వేస్తే ఎవరికి కనిపిస్తుందిలే అనుకుంటారు కానీ, నాలుగు ఉతుకులకే అది పీలికలై లోపల ఉండలు కడుతుంది. బొంత విప్పితే తప్ప ఆ ఉండలు తీయలేం. చీరలో ముందు పాడయ్యేవి కూర్చునే చోటు, కాళ్ల దగ్గరి అంచు. వాటిని ప్రత్యేకంగా చూసుకోండి. ఫాల్ ఉంటే విప్పేయండి.

నూలో పాలిస్టర్ కలిసిందో అనుమానంగా ఉంటే అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించండి. నూలు కాగితంలా కాలి బూడిద రాలుతుంది. పాలిస్టర్ ముడుచుకుపోయి చివర నల్లటి గట్టి పూస మిగులుతుంది. రెండు రకాలూ ఒకే బొంతలో వేయకండి. పాలిస్టర్ పొర జారుతుంది, ఉతికినప్పుడు నూలు పొరతో పాటు కుదురుగా ఉండదు. జరీ అంచు ఎంత అందంగా ఉన్నా కత్తిరించాల్సిందే. కంఠం దగ్గర గీరుకుంటుంది, లోపల వేస్తే సూది పట్టేస్తుంది.

కుట్టే ముందు చీరలన్నీ వేడినీళ్లలో నానబెట్టి గంజి పూర్తిగా వదిలించాలి. గంజి ఉన్న గుడ్డలో సూది బరువుగా దిగుతుంది. దానికోసం పురుగులు, ఎలుకలు చేరతాయి. ఎరుపు, ముదురు నీలం చీరల్ని తడిపి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. రంగు దిగితే ఆ చీరను దీంట్లోంచి తప్పించండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగిపోతుందన్నది నమ్మకమే, పని చేయదు.

కోత లెక్క ఇది. 6 గజాల చీర అంటే 18 అడుగులు. వెడల్పు 46 అంగుళాలు అనుకుందాం. పొడవునా 62 అంగుళాలకొకటి చొప్పున మూడు ముక్కలు చేస్తే కొంగు వైపు 30 అంగుళాలు మిగులుతుంది. మూడు చీరలకు తొమ్మిది ముక్కలు. రెండేసి ముక్కల్ని వెడల్పు వైపు అంచుకు అంచు కలిపి కుడితే ఒక పొర, అతుకులో పోయే అంగుళం తీసేస్తే 62 అంగుళాలకు 91. అలా ఎనిమిది ముక్కలతో నాలుగు పొరలు అవుతాయి, తొమ్మిదో ముక్క అంచుపట్టీకి. కత్తెర వంకర పోతుందని భయమైతే చిన్న గాటు పెట్టి చేత్తో చింపండి, పేక పోగు వెంట తిన్నగా చిరుగుతుంది.

ఇక్కడే చాలామంది బొంతలు చెడేది. నాలుగు పొరల్లోనూ అతుకు నడిమధ్యలోనే వస్తుంది. అలాగే ఒకదాని మీద ఒకటి పరిచేస్తే సరిగ్గా పొట్ట మీద తాడు కట్టినట్టు గట్టి గీత తేలుతుంది. మనకు కావలసిన పొడవు 84 అంగుళాలు, ఉన్నది 91. ఆ మిగులు 7 అంగుళాలను వాడుకోండి. మొదటి పొర పరిచాక రెండోదాన్ని 2 అంగుళాలు కిందికి, మూడోదాన్ని 4, నాలుగోదాన్ని 6 జరిపి పరవండి. అతుకులు విడివిడిగా పడతాయి. పైనా కిందా మిగిలింది చివర్లో కత్తిరించేయొచ్చు. జరీ అంచులు కోసేసిన చీరలైతే ఈ మిగులు దాదాపు పోతుంది కనుక బొంత పొడవును ఆరున్నర అడుగులకు తగ్గించుకోండి.

పరిచేటప్పుడు ఒంటికి తగిలే వైపుకు అన్నిటికన్నా మెత్తటి చీర, రెండో వైపుకు గట్టిది. టైల్స్ మీద పొరలు జారతాయి. అడుగు పొరను నాలుగు వైపులా టేపుతో నేలకు అంటించి, మిగతావి ఒక్కొక్కటే వేసి, అరచేత్తో మధ్య నుంచి బయటికి నిమరాలి. లాగి బిగించకూడదు. లాగిన పొర టేపు తీయగానే వెనక్కి ముడుచుకుని మిగతావాటిని కూడా ముడతలు పెడుతుంది. తర్వాత టాకాలు, అంటే పొరలు కదలకుండా తాత్కాలికంగా వేసే పొడుగు కుట్లు. మధ్యలో మొదలుపెట్టి అంచుల వైపు, జానెడుకొక వరస, నిలువుగా, అడ్డంగా. అంచుల నుంచి మొదలుపెడితే మిగులు గుడ్డంతా మధ్యకు నెట్టుకొచ్చి ఉబ్బు నిలుస్తుంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు సిద్ది తెగ స్త్రీలు అంచు నుంచే మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు కుట్టుకొస్తారు, నిజమే. వాళ్లు చిన్న చిన్న ముక్కల్ని కుడుతూ కుడుతూ చేర్చుకుంటారు కాబట్టి మిగులును ఎక్కడికక్కడే సర్దుకోగలరు. మన పెద్ద పొరలకు ఆ వీలు లేదు.

దారం నూలుదే కావాలి. పాలిస్టర్ దారం గట్టిగానే ఉంటుంది, అదే చిక్కు. కొన్నేళ్లకు చివికిన గుడ్డను అదే కోసేస్తుంది. కొత్త నూలు దారాన్ని చిలపగా (చుట్టగా) ఉండగానే ఒకసారి తడిపి ఆరబెట్టండి. చీరలు కుదించుకోవాల్సింది ఎప్పుడో కుదించుకున్నాయి, దారం మాత్రం మొదటి ఉతుకులో కుదించుకుని బొంతనంతా లాగేస్తుంది. సూది పొడుగ్గా, బెజ్జం పెద్దదిగా ఉండాలి కానీ దబ్బనం వద్దు. అది గోనెసంచులకు. నూలులో దాని రంధ్రం పూడదు. దారం ఒక్కసారికి మూరన్నరకు మించి తీసుకుంటే మెలిపడి పోగులు లేస్తాయి. నడిమివేలికి తొడుగు లేకుండా నాలుగు పొరల్లోకి సూది నెట్టడం మొండితనం.

కుట్టు రన్నింగ్ కుట్టే, సూదిని పైకీ కిందికీ దించుతూ తిన్నగా పోయేది. వరసకూ వరసకూ అంగుళం, అంగుళానికి 4 కుట్లు. 5 అడుగుల వరసలు 84 అంటే 420 అడుగుల కుట్టు, 20,160 కుట్లు. దారం ఒంటిపేటయినా 160 మీటర్ల దాకా పడుతుంది, 200 కొనుక్కోండి. ఓపిక లేనివాళ్లు వరసల మధ్య అంగుళంన్నర వదలొచ్చు. రెండంగుళాలు వదిలితే మాత్రం ఉతికినప్పుడు పొరలు సంచిలా వేలాడతాయి. ఇక్కడా మధ్య వరస ముందు కుట్టి, ఒకటి పైకి, ఒకటి కిందికి పోవాలి. ఒక వరస ఎడమ నుంచి మొదలుపెడితే తర్వాతది కుడి నుంచి. అన్నీ ఒకే వైపు నుంచి కుడితే బొంత పక్కకు వాలి నలుచదరం పోతుంది.

బిగువు సంగతి చేతికి పట్టుబడాల్సిందే. ప్రతి నాలుగైదు కుట్లకు దారం లాగాక, ఆ వరసను రెండు చేతులతో ఒకసారి సాగదీయండి. దారం టంగుమంటే బిగువు ఎక్కువైనట్టు. కుట్టు కింద చిటికెన వేలు దూరితే వదులు. రాత్రి కాలి బొటనవేలు తగులుకుని తెగేది ఆ వదులు కుట్టే. కాస్త ముడత పడటం తప్పు కాదు, ఆ ముడతల్లోనే గాలి నిలుస్తుంది. ముడి బయట ఉంచకండి. సూదిని వరసకు అంగుళం దూరంలో పై పొరలోకి మాత్రమే దించి, వరస మొదట్లో తేల్చి చిన్నగా గుంజితే ముడి పొరల సందున దాక్కుంటుంది. చివర రెండు వెనక కుట్లు వేసి దారాన్ని అలాగే లోపలికి పంపి కత్తిరించండి.

మెషిన్ మీద కుట్టొచ్చా అంటే కుట్టొచ్చు. 16 నంబరు సూది, కుట్టు పొడవు 4 మిల్లీమీటర్ల దాకా. పాదం పై పొరను ముందుకు నెడుతుంది, అడుగు పొరను పళ్లు వెనక్కి లాగుతాయి కాబట్టి వరస చివరికి వచ్చేసరికి పై చీర వేలెడు మిగిలిపోతుంది. టాకాలు బెత్తెడుకొకటి వేస్తే చాలావరకు ఆగుతుంది. మెత్తదనంలో మాత్రం చేతి బొంతకు సాటి రాదు.

అంచుపట్టీకి తొమ్మిదో ముక్కలోంచి 3 అంగుళాల వెడల్పున ఐదు పట్టీలు. చుట్టుకొలత 24 అడుగులు, పట్టీలు అతికితే 25 అడుగులు వస్తాయి, మూలల మడతలకు సరిపోతుంది. తల వైపు అంచుకు ఇంకో గుడ్డ, జానెడు వెడల్పుది, టాకాలతో మాత్రమే తగిలించండి. తలనూనె, ముఖం జిడ్డు అంటేది అక్కడే. వారానికోసారి దాన్ని విప్పి ఉతుక్కుంటే బొంతను చలికాలమంతా ముట్టుకోనక్కర్లేదు.

చీరలు లేనివాళ్లు విజయవాడ బట్టల మార్కెట్ వస్త్రలతలోనో, గుంటూరు పట్నం బజారులోనో మల్ గుడ్డ (సన్నటి మెత్తటి నూలు గుడ్డ) కొనుక్కోవచ్చు. కోరా (చలువ చేయని) గుడ్డయితే రెండుసార్లు వేడినీళ్లలో ఉతికాకే కత్తెర పెట్టండి. అయినా పాత చీర మెత్తదనం కొత్త గుడ్డకు ఏళ్లు గడిస్తే గానీ రాదు.

ఊలు అల్లికకు మన దగ్గర పెద్దగా పని లేదు. పొద్దున్నే బండి మీద బడికి పోయే పిల్లలకు చెవులు కప్పే టోపీ చాలు, చేతుల స్వెట్టరు పదింటికల్లా బ్యాగులో ఉంటుంది. నాలుగు పేటల ఊలు, 10 నంబరు సూదులు, అంటే 3.25 మిల్లీమీటర్లవి. ఈ నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందని గుర్తుంచుకోండి. ముందు చిన్న ముక్క అల్లి కొలవండి, 10 సెంటీమీటర్లకు 28 కుట్లు రావాలి. ఐదారేళ్ల పిల్లల టోపీ చుట్టుకొలత 45 సెంటీమీటర్లు, అంటే 126 కుట్లు. రెండు నిట్ (సూటి కుట్టు), రెండు పర్ల్ (తిరగ కుట్టు) పట్టీకి సరిగ్గా సరిపోయే లెక్క, చివర మిగిలే రెండూ కలిపి కుట్టినప్పుడు వరస చెడకుండా చూస్తాయి. కుట్లు ఎక్కించడం మాత్రం 8 నంబరు సూదితో చేయండి. మొదటి వరస బిగిస్తే నుదుటి మీద గీత పడుతుంది, పిల్లలు టోపీ పీకి పారేస్తారు.

ఉతుకు. బొంతను సబ్బునీళ్లలో అరగంట నానబెట్టి కాళ్లతో తొక్కండి. బండకేసి బాదొద్దు, మెలిపెట్టి పిండొద్దు. మెలిపెడితే గుడ్డకన్నా ముందు దారం తెగుతుంది. మడిచి, మీద చేతులతో నొక్కితే నీళ్లు దిగుతాయి. ఒకే దండెం మీద వేస్తే తడి బరువంతా ఒక గీత మీద పడి ఆ వరసలు సాగుతాయి కనుక రెండు దండేల మీద అడ్డంగా పరవండి. సాయంత్రం మంచు పడకముందే తీసేయాలి. దుకాణాల్లో ఊలు పేరుతో అమ్మేది చాలావరకు యాక్రిలిక్. దాన్ని చల్లనీళ్లలో ఉతికి నేల మీద పరిచి ఆరబెట్టండి, ఇస్త్రీ పెట్టె తగిలితే చదునుగా అంటుకుపోతుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాక రెండు పూటల ఎండ చూపించి, వేడి పూర్తిగా చల్లారాక మడవండి. వేడిగా ఉన్నప్పుడే పెట్టెలో పెడితే లోపల చెమ్మ పట్టి వానాకాలానికి నల్ల మచ్చలు వేస్తాయి. ఒకసారి వచ్చిన బూజు మచ్చ నూలు మీద నుంచి పూర్తిగా పోదు. కలరా ఉండలు వేయనక్కర్లేదు, ఊలు కొరికే పురుగు నూలు జోలికి రాదు. ఎండు వేపాకు వేస్తే గుడ్డసంచిలో కట్టి వేయండి, విడిగా వేస్తే పొడై కుట్లలో ఇరుక్కుంటుంది.