బైట్ స్కాలర్‌షిప్: రెఫరీగా నా అనుభవం

జాంబియాలో ఉండే మన తెలుగు కుటుంబాల వాళ్లు ఏటా ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు, "మాస్టారూ, బైట్ స్కాలర్‌షిప్ మావాడికి వస్తుందా?" అని. రాదండీ. మీవాడు ఎండోలాలో పుట్టి ఇక్కడే డిగ్రీ చదివినా సరే, చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టు అయితే దాని జోలికి వెళ్లకండి. అది జాంబియా, జింబాబ్వే, మలావి పౌరులకి మాత్రమే. డిగ్రీలో మంచి క్లాసు ఉండాలి, వయసు మామూలుగా 30 లోపు ఉండాలి (డాక్టర్లకి కాస్త సడలింపు ఉంది), పీజీ చదువు బ్రిటన్‌లోనో దక్షిణాఫ్రికాలోనో వాళ్లు ఒప్పుకున్న యూనివర్సిటీలోనే చెయ్యాలి, అయ్యాక తిరిగి సొంత దేశం రావాలి. ఈ చివరి షరతు దగ్గరే అసలు కథంతా ఉందని నా పాత స్టూడెంట్‌కి రెఫరీగా, అంటే సిఫారసు రాసేవాడిగా, ఉన్నప్పుడు తెలిసింది.

నేను జాంబియా రాగి గనుల ఊరు కిట్వేలో కెమిస్ట్రీ చెప్తాను. ఆ అమ్మాయి నా క్లాసులో మరీ టాపర్ కాదు గానీ చేతిపని చాలా నీటుగా ఉండేది. వాళ్లమ్మ చిసోకోనే మార్కెట్లో కపెంటా అమ్ముతుంది, అంటే మన ఎండు మెత్తళ్లలాంటి చేపలు. ప్రాజెక్టు కోసం ఊరికి దగ్గర్లో గనుల వైపు నుంచి వచ్చే ఒక వాగు నీళ్లు కొలవడం మొదలుపెట్టింది, డిగ్రీ అయిపోయి ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చాక కూడా మానలేదు. ఖాళీ కూల్‌డ్రింక్ బాటిళ్లలో నీళ్లు పట్టుకొచ్చి, మూత మీద నల్ల మార్కర్‌తో తేదీ వేసి, పీహెచ్ (నీళ్లలో ఆమ్లం పాలు చెప్పే అంకె) ఎంతుందో ఒక రూళ్ల పుస్తకంలో ఎక్కించేది. ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బులివ్వలేదు. 2025 ఫిబ్రవరిలో చంబిషి దగ్గర రాగి తీసేశాక మిగిలిన బురద నిల్వ ఉంచే కట్ట తెగింది. ఆమ్లం నీళ్లు వాగుల్లోంచి కఫ్యూ నదిలో పడ్డాయి, చేపలు తేలిపోయాయి, కిట్వేలో కుళాయిలు కట్టేశారు, ఆమ్లాన్ని విరవడానికి విమానాల్లోంచి, పడవల్లోంచి నదిలో సున్నం చల్లారు. అందరూ కట్ట తెగాక కొలతలు తీసుకోవడానికి పరిగెత్తారు. తెగకముందు ఆ చుట్టుపక్కల నీళ్లు ఎలా ఉండేవో చెప్పే లెక్క కొంతైనా ఆ పిల్ల పుస్తకంలో ఉంది.

నాకు రెఫరెన్స్ ఫారం వచ్చినప్పుడు రాయాల్సింది ఇదే. మన దగ్గర రెఫరెన్స్ లెటర్ అంటే కాండక్ట్ సర్టిఫికెట్టే కదా, "సిన్సియర్, హార్డ్ వర్కింగ్, ఒబీడియెంట్, ఉజ్వల భవిష్యత్తు ఉండాలని కోరుకుంటున్నాను" అని నాలుగు లైన్లు రాసి కింద స్టాంపు కొట్టి ఇచ్చేస్తాం. అలాంటివి నేను ఇక్కడ కూడా బోలెడు చూశాను, మన సహోద్యోగులే రాసినవి. చదివేవాడికి వాటివల్ల ఏమీ తెలియదు, వంద అప్లికేషన్లలో వందమందీ సిన్సియరే. నేను బాటిళ్ల సంగతి రాశాను, పుస్తకం సంగతి రాశాను, ఒకసారి మీటర్ సరిగా చూపించట్లేదని అనుమానం వచ్చి ఆరోజు రీడింగులన్నీ తనే కొట్టేసి మళ్లీ వెళ్లి తెచ్చిందని రాశాను. ఆమె బలహీనత కూడా ఒకటి రాశాను: నలుగురిలో మాట్లాడాలంటే గొంతు లేవదు. అది చూసి మా ఆవిడ "పిల్ల బతుకు పాడుచేస్తారా ఏంటి" అంది. నాకైతే ఒక్క లోపం కూడా లేని లెటర్ చదివితే రాసినవాడి మీదే అనుమానం వస్తుంది.

ఫారం నింపడం ఒక యజ్ఞం. 2024 కరువుకి కరీబా డ్యామ్ అడుగంటిపోయాక మొదలైన కరెంటు కోతలు అప్పటికీ తీరలేదు. కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చేది, అప్పుడు లేచి ఫోనూ ల్యాప్‌టాపూ ఛార్జింగ్ పెట్టుకోవాలి, టవర్లు కూడా పడుకుంటే నెట్ ఉండదు. అందుకే వ్యాసాలన్నీ ముందు కాగితం మీద రాయించి, కరెంటు ఉన్న గంటలో ఎక్కించమన్నాను. ట్రాన్‌స్క్రిప్ట్ కోసం తను తిరిగిన ఆఫీసు పేరు చెప్పను గానీ, "సిస్టమ్ డౌన్" అనే మాట ప్రపంచమంతా ఒకే రాగంలో పలుకుతారని అర్థమైంది.

మధ్యలో ఒకరోజు వచ్చి, "సర్, ఈ డబ్బు తీసుకోవచ్చంటారా?" అని అడిగింది. ఆల్‌ఫ్రెడ్ బైట్ ఎవరో చదువుకుని వచ్చింది. హాంబర్గ్‌లో పుట్టి, కింబర్లీ వజ్రాల్లో, జొహానెస్‌బర్గ్ బంగారంలో గడించిన మనిషి, బ్రిటిష్ వలసవాది సెసిల్ రోడ్స్ భాగస్వామి. 1906లో పోతూ ఆఫ్రికా దక్షిణ ప్రాంతంలో రైళ్లకీ రవాణాకీ 12 లక్షల పౌండ్లు విల్లు రాశాడు, బైట్ ట్రస్ట్ ఆ డబ్బుతో పుట్టిందే. 1929లో లింపోపో మీద బైట్‌బ్రిడ్జ్, 1935లో సావే నది మీద బర్చనఫ్ వంతెన, 1939లో చిరుండు దగ్గర జాంబెజీ మీద ఆయన తమ్ముడు ఓటో పేరుతో వంతెన, అన్నిటిలోనూ ఆ ట్రస్ట్ డబ్బు ఉంది. చదువులకి ఇవ్వడం ఆ తర్వాత పెరిగింది. బైట్ డైరెక్టరుగా ఉన్న కంపెనీయే 1924 వరకు ఈ దేశాన్ని ఏలింది, 1964లో స్వాతంత్ర్యం వచ్చేదాకా ఇక్కడి రాగి మీద రాయల్టీ తీసుకుంది. నేను గోదావరి జిల్లా వాణ్ణి, కాటన్ దొరకి దండం పెట్టే ఊళ్లో పెరిగాను కాబట్టి దొరల లెక్క అంత సులువుగా తేలదని నాకు తెలుసు, పైగా కాటన్ ఇంజనీరు, ఈయన వ్యాపారి. నేనేం చెప్పాలా అని ఆలోచిస్తుంటే తనే అంది, "మా రాగి డబ్బే కదా సర్, వెనక్కి తెచ్చుకుంటాను" అని. నేను టీ పెట్టడానికి లేచాను.

ఇక తిరిగి రావడం గురించి. "నా దేశానికి సేవ చేస్తాను" అని అందరూ రాస్తారు, అది చాలదు. ఏ ఉద్యోగానికి వస్తావు, ఎవరు తీసుకుంటారు, ఏం చేస్తావు అని ఆరా తీస్తారు. అందుకని తను పనిచేసే చోట జీతం లేని సెలవు ఇచ్చి ఉద్యోగం అట్టిపెడతామని లెటర్ రాయించుకోమన్నాను. అది సంపాదించేసరికి పిల్లకి చెప్పులరిగాయి. హెచ్ఆర్ ఆయన సెలవు ఇస్తామంటాడు గానీ కాగితం మీద పెట్టడు. ఆఖరికి లెటర్ మేమే టైపు చేసి తీసుకెళ్తే లెటర్‌హెడ్ మీద ప్రింట్ తీసి సంతకం పెట్టాడు. రెండేళ్ల కాంట్రాక్టు మీద వచ్చి ఇరవై ఏళ్లు దాటినా ఊరికి తిరిగి వెళ్లని నేను, "కచ్చితంగా తిరిగి వస్తుంది" అని హామీ సంతకం చెయ్యడం మా ఆవిడకి భలే నవ్వొచ్చింది. నాకూ వచ్చిందనుకోండి.

ఇంటర్వ్యూకి ముందు మా ఇంట్లో ప్రాక్టీస్ చేయించాం. మా ఆవిడ ప్యానెల్ చైర్మన్, నేను అడ్డం తిరిగే మెంబర్. తీరా అక్కడ అడిగినవాటిలో మేమనుకున్నది ఒక్కటే వచ్చిందట: ఈ చదువు కట్ట తెగకుండా ఆపుతుందా అని. "ఆపదు. తెగకముందు ఏ కొలతలు చూడాలో, అవి ఎవరికి చెప్పాలో నేర్చుకుంటాను" అందట. గొంతు లేవకపోయినా ఆ మాట వినపడే ఉంటుంది.

దక్షిణాఫ్రికాలోని ప్రెటోరియాలో తను చదవాలనుకున్న సీటు వేరుగా తెచ్చుకోవాలి, స్కాలర్‌షిప్ వస్తే సీటు దానంతటదే రాదు, రెండూ పక్కపక్కనే నడపాలి. వచ్చాక ఫీజు, నెలవారీ ఖర్చు, ప్రయాణం వాళ్లే చూసుకున్నారు గానీ వీసా టెన్షన్ మనదే: రాజధాని లుసాకా వెళ్లి వేలిముద్రలిచ్చి పోలీస్ క్లియరెన్స్, డాక్టర్ రిపోర్టు, దక్షిణాఫ్రికాలోనే రిజిస్టరైన మెడికల్ ఎయిడ్ (అంటే ఆరోగ్య బీమాలాంటిది). పోలీస్ కాగితానికి ముందుగా వెళ్లండి, మిగతావి దాని తర్వాత చూసుకోవచ్చు.

క్లాసులు మొదలయ్యాయి. రూళ్ల పుస్తకం ఇక్కడ ఇంకో కుర్రాడికి అప్పజెప్పి వెళ్లింది, వాడి చేతిరాత మాత్రం నా చేతిరాతంత ఘోరం. ఉద్యోగం అట్టిపెడతామన్న లెటర్ కాపీ ఒకటి నా బీరువాలో పెట్టుకున్నాను, ఆ హెచ్ఆర్ ఆయన సంగతి తెలుసు కాబట్టి.