క్లర్క్ నుంచి పీఓ: నా ఇంటర్వ్యూ ప్రిపరేషన్ క్యాష్ కౌంటర్లోనే జరిగింది

ఐబీపీఎస్ పీఓకి, అంటే ప్రభుత్వ బ్యాంకుల్లో ఆఫీసర్ ఉద్యోగం (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షకి ప్రిపేరవుతూ ప్రిలిమ్స్, మెయిన్స్ దాటి ఇంటర్వ్యూ దగ్గర ఆగిపోతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. క్వాంట్‌కి (లెక్కలకి) ఏ పుస్తకం చదవాలి, రోజుకి ఎన్ని మాక్ టెస్టులు రాయాలి లాంటివి నన్ను అడగొద్దు, నాకన్నా బాగా చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నా బాధ వేరు. నాకు మనుషులతో మాట్లాడాలంటే భయం.

ప్రకాశం జిల్లాలో టంగుటూరు వైపు ఒక బ్యాంకు బ్రాంచిలో క్లర్క్‌గా చేస్తున్నాను. ఇప్పుడు ఆ పోస్టుకి కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అని పేరు మార్చారు గానీ, వచ్చేవాళ్లకి మాత్రం నేను క్యాష్ అబ్బాయినే. క్లర్క్ పరీక్షకి ఇంటర్వ్యూ ఉండదు. నిజం చెప్పాలంటే నేను దాన్ని రాసిందే అందుకు. చేరాక గానీ తెలిసిరాలేదు, ఇంటర్వ్యూ తప్పించుకున్నాను గానీ మనుషుల్ని తప్పించుకోలేదని. రోజూ పొద్దున మేనేజర్ గారు అందర్నీ నిలబెట్టి నిన్నటి లెక్కలు అడుగుతారు. నా వంతు వచ్చేలోపు నాలుక పిడచకట్టుకుపోయేది. ఫోన్ మోగితే బాత్రూమ్‌కి వెళ్లిపోయిన రోజులున్నాయి. మధ్యాహ్నం అందరూ కలిసి తింటుంటే, క్యాష్ టాలీ కాలేదని అబద్ధం చెప్పి కౌంటర్లోనే క్యారేజీ విప్పేవాణ్ని.

మొదటిసారి పీఓ ఇంటర్వ్యూలో నాకు వందకి 38 వచ్చాయి. నా కేటగిరీకి కనీసం 40 రావాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకైతే 35. ఫైనల్ లెక్కలో మెయిన్స్‌కి 80, ఇంటర్వ్యూకి 20 వెయిటేజీ అని చాలామంది ఇంటర్వ్యూని తేలిగ్గా తీసుకుంటారు. కానీ ఆ కనీస మార్కులు రాకపోతే మెయిన్స్‌లో ఎంత తెచ్చుకున్నా దండగే. రెండు మార్కులతో సంవత్సరం పోయింది. 'మీ గురించి చెప్పండి' అన్నదానికి బట్టీపట్టిన జవాబులో మూడో వాక్యం దగ్గర నోరు పెగల్లేదు, అంతే.

తర్వాత ఒక కోచింగ్‌లో చేరితే, కాన్ఫిడెన్స్ పెంచుకో, కళ్లలోకి చూసి మాట్లాడు, రోజూ అద్దం ముందు ప్రాక్టీస్ చెయ్యి అన్నారు. చేశాను. అద్దం ఎదురుప్రశ్న వెయ్యదు కదా, దాని ముందు ఎవరైనా బాగానే మాట్లాడతారు.

మా పెద్దమ్మ కూతురు నెల్లూరులో కౌన్సెలింగ్ చేస్తుంది. సంక్రాంతికి వాళ్లింటికి వెళ్లినప్పుడు విషయం చెప్పాను. ఈ భయం ఎప్పుడు మొదలైంది, చిన్నప్పుడు ఎవరైనా కొట్టారా అని తవ్వుతుందనుకున్నా. అక్క అవేమీ అడగలేదు. "బ్యాంకులో నువ్వు భయం లేకుండా మాట్లాడింది ఈ మధ్య ఎప్పుడురా?" అంది.

"ఎప్పుడూ లేదక్కా."

"సరే, భయం కొంచెం తగ్గింది ఎప్పుడు? గుర్తు లేకపోతే ఒక వారం చూసి రాసిపెట్టు. భయపడినవి రాయబాక, తగ్గినవే రాయి."

దీన్ని సొల్యూషన్ ఫోకస్డ్ థెరపీ అంటారని తర్వాత చెప్పింది. 1970ల చివర్లో అమెరికాలోని మిల్వాకీలో స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ అనే భార్యాభర్తలు తోటివాళ్లతో కలిసి మొదలుపెట్టిన పద్ధతట. సమస్య మూలం కోసం తవ్వుకుంటూ కూర్చోకుండా, ఆ సమస్య రాని సందర్భాలు పట్టుకుని, అప్పుడు మనం ఏం చేశామో చూసి, దాన్నే ఇంకాస్త ఎక్కువ చెయ్యమంటారు. వినగానే నాకు ఇది ఓదార్పు మాటే అనిపించింది. అయినా అక్క చెప్పింది కదా అని చిన్న నోట్‌బుక్ కొన్నాను.

మొదటి మూడు రోజులు పేజీ ఖాళీ. నాలుగో రోజు ఒక పొగాకు రైతు వచ్చాడు. చొక్కా నిండా పొగాకు వాసన. పాస్‌బుక్ అద్దం కిందనుంచి తోసి, "అబ్బాయా, బేళ్లు అమ్మిన డబ్బులు తక్కువ పడ్డాయేంది?" అని గొంతు పెంచాడు. వెనక క్యూలో పదిమంది. పంట రుణం కింద కొంత మినహాయించారు. అది ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేను డిపాజిట్ స్లిప్ వెనక్కి తిప్పి, వేలంలో వచ్చింది ఇంత, అసలుకి పోయింది ఇంత, వడ్డీకి ఇంత అని వరసగా రాసి చూపించాను. మధ్యలో ఆయన రెండుసార్లు అడ్డం వచ్చాడు, రెండుసార్లూ మళ్లీ మొదట్నుంచి చెప్పాను. ఆయన వెళ్లాక అటెండర్ అన్న టీ పెడుతూ, "సార్, ఈరోజు మీ గొంతు గేటు దాకా వినపడింది" అన్నాడు.

రాత్రి నోట్‌బుక్ ముందేసుకుని ఆలోచిస్తే, ఆ రైతుతో మాట్లాడేటప్పుడు నా చేతిలో పెన్ను ఉంది. మా నాన్న కూడా పొగాకు ఆకు కాల్చే బ్యారన్ నడిపినవాడే, ఆ లెక్క నాకు ఇంట్లో తెలిసిందే. అన్నిటికన్నా ముఖ్యంగా, నేనెలా కనపడుతున్నానో అని చూసుకోలేదు, ఆయన పాస్‌బుక్ చూస్తున్నాను. మర్నాడు పొద్దున మీటింగుకి ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాసుకుని వెళ్లి, అడక్కముందే చెప్పేశాను. గొంతు వణికింది. కానీ అయిపోయింది.

ఆదివారం ఆదివారం అక్క ఫోన్ చేసేది. సున్నా నుంచి పదిలో ఎంతలో ఉన్నావు అని అడుగుతుంది. నేను మూడు అంటాను. "రెండు ఎందుకు కాదు?" అంటుంది. ఈ ప్రశ్న నాకు మొదట్లో చిరాకు. పది ఎందుకు కాదో అడిగితే గంట చెప్పగలను. రెండు ఎందుకు కాదంటే మాత్రం, నేను చేసిన మంచిపని ఏదో ఒకటి నా నోటితో నేనే ఒప్పుకోవాలి. తర్వాతి ప్రశ్న, "నాలుగైతే ఏం కనపడుద్ది?" అందరితో కూర్చుని తింటాను అన్నాను. మాట్లాడాలా అంది. అక్కర్లేదు, కూర్చుంటే చాలు. సోమవారం క్యారేజీ తీసుకుని వెళ్లి కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఒక మేడమ్ మాత్రం నా గోంగూర పచ్చడి సగం లాగేసుకుంది.

ఇంకో ప్రశ్న ఉంది, విన్నప్పుడు నవ్వొచ్చింది. ఈ రాత్రి నువ్వు నిద్రపోయాక ఒక అద్భుతం జరిగి భయం పోయింది, నిద్రలో ఉన్నావు కాబట్టి నీకు తెలీదు, పొద్దున ఏం చూసి తెలుసుకుంటావు? "భయం ఉండదు" అన్నాను. "లేనిది కాదురా, ఉండేది చెప్పు. ముందు ఎవరు కనిపెడతారు?" ఆలోచిస్తే అటెండర్ అన్నే. షట్టర్ తీసే టైముకి నేను తల దించుకుని లోపలికి పోతాను. ఆరోజు నేనే ముందు పలకరిస్తాను. ఇది చెప్పాక అక్క ఏమీ అనలేదు. నాకే అర్థమైంది, దీనికి అద్భుతం అక్కర్లేదని. మర్నాడే "ఏం అన్నా, టిఫినైందా?" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు.

రెండో ఏడాది ఒంగోలులో ముగ్గురం కలిసి ఆదివారాలు మాక్ ఇంటర్వ్యూలు పెట్టుకున్నాం. ఒకటే నియమం పెట్టుకున్నాం. అయిపోగానే తప్పులు కాదు, ఏ జవాబు బాగుంది, అప్పుడు ఏం చేశావు అన్నదే ముందు అడగాలి. తప్పులు చివర్లో, అదీ ఒక్కటే. మాక్‌లో ఇరవై తప్పులు ఏకరువు పెట్టేవాళ్ల దగ్గరికి భయస్తులు వెళ్లొద్దని నా అభిప్రాయం.

ఒక మాట. భయం వల్ల ఉద్యోగానికే వెళ్లలేకపోతున్నా, నిద్ర పట్టకపోయినా నా నోట్‌బుక్ కథ నమ్ముకుని కూర్చోకండి. సోషల్ యాంగ్జైటీకి, అంటే మనుషుల మధ్య కలిగే ఇలాంటి భయానికి, సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే పద్ధతి బాగా పరీక్షకు నిలిచింది, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ముందు ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు. ఫోన్ అంటేనే భయమైతే ఎలా అంటారా, నిజమే, నేనూ మూడుసార్లు నొక్కి కట్ చేశాను.

ఇక రెండో ఇంటర్వ్యూ. లోపలికి వెళ్లేటప్పుడు చేతులు చల్లగానే ఉన్నాయి. మీది పొగాకు ప్రాంతమా, వేలం ఎలా జరుగుతుందో చెప్పమన్నారు. కౌంటర్లో రైతుకి చెప్పినట్టే చెప్పాను, చేతిలో స్లిప్ లేదు గానీ వేలితో బల్ల మీద గీస్తూ. పొగాకు బోర్డు చట్టం ఏ సంవత్సరంలో వచ్చింది అన్నారు. "తెలీదు సార్" అన్నాను, తల దించుకోకుండా. బయటికొచ్చి చూసుకుంటే 1975. ఈసారి 57 వచ్చాయి, అలాట్‌మెంట్ లిస్టులో పేరుంది.

ఫోన్ విషయంలో మాత్రం ఇంకా నాలుగులోనే ఉన్నాను. బ్రాంచి ఫోన్ మోగితే మూడు రింగులు చూసి, ఎవరూ ఎత్తకపోతేనే ఎత్తుతున్నాను.