చోక్ థ్రెడ్‌లకు ఏ గ్రీజు? నా అనుభవం

షాట్‌గన్ మూతిలో చోక్ ట్యూబ్ (మూతిని ఇరుకు చేసి, గుళ్లు ఎంత చెదరాలో నిర్ణయించే చిన్న గొట్టం) ఎక్కే థ్రెడ్‌లు, అంటే మరలు, చాలా సన్నవి. పేల్చిన ప్రతిసారీ మసి, వాడ్ (తూటాలో గుళ్లను పట్టి ఉంచే ప్లాస్టిక్ కప్పు) నుంచి రాలిన ప్లాస్టిక్ ట్యూబ్ వెనకంచు సందులోంచి దూరి అక్కడిదాకా చేరతాయి. దానికి హ్యూస్టన్ తేమ తోడైతే తుప్పు. కాబట్టి నేను గ్రీజులో వెతికేది జారుడు కాదు, నిలకడ. వేసిన చోటే అంటుకుని ఉండాలి.

గన్ ఆయిల్‌తో మొదలుపెట్టాను. ట్యూబ్ హాయిగా ఎక్కింది గానీ, ఇరవై ఐదేసి తూటాల రౌండ్లు నాలుగు, అంటే వంద తూటాలు అయ్యేసరికి థ్రెడ్‌లు పొడిబారి మసి గట్టిపడింది. డబ్ల్యూడీ-40 ఇంకా పలచన, అది కడగడానికే. చక్రాల బేరింగ్ గ్రీజు ఫరవాలేదు, తరచూ మార్చుకుంటే.

చివరికి నిలిచింది రాగి పొడి కలిసిన యాంటీ-సీజ్, అంటే మరలు పట్టేయకుండా రాసే ముద్ద. ఈ రకం 982 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుందని, నికెల్‌ది 1,316 దాకా అని అమ్ముతారు. ఆ అంకెలు చూసి మురిసిపోనక్కర్లేదు, బ్యారెల్ మూతి ఆ దరిదాపులకు కూడా పోదు. అసలు లాభం వేరు: నూనె ఇంకిపోయినా లోహపు పొడి రెండు ఉక్కుల మధ్య పొరలా మిగులుతుంది. స్టెయిన్‌లెస్ ట్యూబ్ ఒరుసుకుని పట్టేయకుండా ఆపేది ఆ పొరే. చొక్కాకు అంటితే మాత్రం వదలదు. చోక్‌లకని విడిగా అమ్మే గ్రీజూ మంచిదే. టెఫ్లాన్ టేపు వద్దు, చిరిగి చుట్టుకుని ట్యూబ్‌ను అడుగుదాకా కూర్చోనివ్వదు. లాక్‌టైట్ సంగతి చెప్పనే అక్కర్లేదు, అది బిగించే జిగురు.

వేసే ముందు తుపాకీ తెరిచి, ఛాంబర్‌లో, మ్యాగజైన్‌లో తూటా లేదని కంటితోనూ వేలితోనూ చూస్తాను. ట్యూబ్ తీసి సాల్వెంట్‌లో పది నిమిషాలు నానబెడతాను. పాత పళ్ల బ్రష్‌తో దాని థ్రెడ్‌లూ, బ్యారెల్ లోపలి థ్రెడ్‌లూ తోమి పొడిగా తుడుస్తాను. ఇది వదిలేసి ఎంత ఖరీదైన గ్రీజు రాసినా మసితో కలిసి సానరాయి ముద్దలా తయారవుతుంది. తర్వాత బియ్యపుగింజంత యాంటీ-సీజ్ థ్రెడ్‌ల చుట్టూ, వేలికి అంటిన మిగులు వెనకంచు బయటివైపు. లోహం రంగు కనబడేంత పలచగా చాలు. ఎక్కువైతే కాలని మందుగుండు దానికి అతుక్కుంటుంది. చేత్తో అడుగుదాకా తిప్పి, పానాతో కాస్త బిగువు, అంతే. జారుడు పెరిగింది కనుక వదులయ్యే అవకాశమూ పెరుగుతుంది. ప్రతి 25 తూటాలకు తుపాకీ ఖాళీ చేసి బిగువు చూడాలి. వదులైన ట్యూబ్ అంచుకు గుళ్లు తగిలితే బ్యారెల్ ఉబ్బుతుంది. ట్యూబ్ లేకుండా పేలిస్తే థ్రెడ్‌లే పోతాయి.

పట్టేసిన ట్యూబ్‌కు కటింగ్ ప్లేయర్ పెట్టకండి, పలచని గోడ నొక్కుకుపోతుంది. పెనిట్రేటింగ్ ఆయిల్ వేసి, మూతి కిందికి ఉండేలా రాత్రంతా నిలబెట్టి, గాడులకు సరిగ్గా కూర్చునే పానాతో నెమ్మదిగా తిప్పండి. గాడి అంచు లేస్తుంటే ఆపి గన్‌స్మిత్‌కు ఇవ్వండి. ఇక, స్టీల్ గుళ్లకు పనికిరాని బిగుతు చోక్‌లో వాటిని పేల్చి ట్యూబ్ ఉబ్బించుకుంటే, ఏ గ్రీజూ దాన్ని బయటికి తేలేదు.