నాన్నగారి కంప్యూటర్‌లో విండోస్ నుంచి లినక్స్ మింట్‌కి: అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా

అక్టోబరు 5, 2025, ఆదివారం

ఈ నెల 14తో విండోస్ 10కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతున్నాయి. మా ఇంట్లో డెస్క్‌టాప్ 2014లో కొన్నది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. విండోస్ 11 వేసుకోవాలంటే ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరమో ఆ తర్వాతదో అయ్యుండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. మా దాంట్లో రెండూ లేవు. నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ అంటోంది. అలా చేసినా వచ్చే ఏడాది మళ్లీ ఇక్కడికే వస్తాం. శుభ్రంగా పనిచేస్తున్న యంత్రాన్ని పాత సామాన్లవాడికి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు.

దాన్ని ఎక్కువగా వాడేది నాన్నగారు. తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కొబ్బరి లెక్కలన్నీ ఎక్సెల్‌లో రాస్తారు: ఏ తోటలో దింపు ఎప్పుడు తీశాం, ఎన్ని వేల కాయలు, వెయ్యికి ధర ఎంత, దింపు కూలి, ఒలుపు కూలి. ఇవి కాక సంక్రాంతికి అలంకరించి ఊరేగించే ఊరి ప్రభ చందాల జాబితా, పిల్లలకు చెప్పే పద్యాలకు తాత్పర్యాలు. అంతా తెలుగులోనే. అందుకే మొదలుపెట్టక ముందే నోటుబుక్కులో ఒక మాట రాసుకున్నాను: ఆయన చేతికి అలవాటైనట్టు తెలుగు టైపు కాకపోతే ఈ మార్పు పూర్తయినట్టు కాదు.

విండోస్ బదులు లినక్స్ మింట్ 22.2 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేద్దామనుకున్నాను. ఉబుంటు 24.04 అనే ఇంకో లినక్స్ మీద కట్టినది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. మింట్‌లో మూడు ఎడిషన్లున్నాయి, 4 జీబీ ర్యామ్‌కి తేలికగా నడిచేది ఇదే. మెనూ కూడా కింద ఎడమ మూలనే ఉంటుంది కాబట్టి నాన్నగారు వెతుక్కోనక్కర్లేదు.

అక్టోబరు 8

మింట్ ఇన్‌స్టాల్ చేయడానికి కావాల్సిన ఐఎస్ఓ ఫైలు దాదాపు 3 జీబీ. రాత్రి డౌన్‌లోడ్ పెట్టి పడుకున్నాను. పొద్దున్న చెక్‌సమ్ (ఫైలు సరిగ్గా దిగిందో లేదో పోల్చి చూసుకునే సంకేతం) చూస్తే మింట్ సైట్‌లో ఇచ్చిన దాంతో కలవలేదు. మధ్యలో నెట్ తెగి ఉంటుంది. ఇది చూడకుండా ముందుకెళ్లి ఉంటే ఇన్‌స్టాల్ సగంలో ఆగిపోయి, తప్పంతా మింట్‌దే అనుకునేవాణ్ణి. రెండోసారి కలిసింది. విండోస్‌లో చెక్‌సమ్ చూడటానికి సర్ట్‌యుటిల్ అనే ఆదేశం ముందే ఉంటుంది, వేరే ఏమీ వేసుకోనక్కర్లేదు. తర్వాత రూఫస్ అనే ప్రోగ్రాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను.

అక్టోబరు 12, ఆదివారం

ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ మీదే నడిపి చూశాం. హార్డ్‌డిస్కులో ఒక్క అక్షరం కూడా మారదు. కంప్యూటర్ ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కుతూ ఉంటే, దేని నుంచి మొదలవ్వాలో ఎంచుకునే బూట్ మెనూ వచ్చింది. కొన్ని కంపెనీలకు అది ఎఫ్9, కొన్నిటికి ఎస్కేప్. సౌండ్ వచ్చింది, వీడియో ఆడింది. యూఎస్‌బీ వైఫై ముక్కను గుర్తుపట్టలేదు కానీ, ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టగానే నెట్ వచ్చేసింది. ప్రింటర్ రాలేదు. దాని సంగతి తర్వాత చూద్దామని రాసుకున్నాను.

నాన్నగారు అరగంట కూర్చుని మౌస్ తిప్పి చూశారు. "బానే ఉందిరా అబ్బాయ్. మరి నా తెలుగు ఏదీ?" అన్నారు.

అక్టోబరు 18, శనివారం

240 జీబీ ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్కు కంటే వేగంగా నడిచే డిస్కు), పాత రకం డీడీఆర్3 ర్యామ్ ఇంకో 4 జీబీ అమలాపురంలో కొన్నాను. క్యాబినెట్ విప్పితే లోపల పదకొండేళ్ల దుమ్ము, స్క్రూల తలల మీద తుప్పు. మన వైపు ఉప్పుగాలికి ఇది తప్పదు. బ్రష్‌తో దులిపి, ర్యామ్ కొనలను రబ్బరుతో తుడిచి పెట్టాను.

ఇక్కడ చేసిన ఒక పని అందరికీ చెప్తాను. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత హార్డ్‌డిస్కు కేబుల్ పీకేశాను. కొత్త ఎస్ఎస్‌డీ ఒక్కటే కనపడుతుంటే, పొరపాటున నాన్నగారి ఫైళ్లున్న డిస్కు చెరిపేస్తానేమో అన్న టెన్షన్ ఉండదు. ఇన్‌స్టాల్ పావుగంటలో అయిపోయింది. మల్టీమీడియా కోడెక్‌లు వేయాలా అని అడిగినప్పుడు టిక్కు పెట్టండి, లేకపోతే కొన్ని వీడియోలు ఆడవు.

మొదటి పనిగా టైమ్‌షిఫ్ట్ పెట్టాను. సిస్టమ్ పాడైతే నిన్నటి స్థితికి తీసుకెళ్తుంది. కానీ మామూలు సెట్టింగుల్లో అది సిస్టమ్ ఫైళ్లనే దాస్తుంది, మన డాక్యుమెంట్లను కాదు. వాటికి వేరే కాపీ ఉండాలి. వారానికోసారి పెన్‌డ్రైవ్‌లోకి.

అక్టోబరు 19, ఆదివారం

ఈ రోజంతా తెలుగుతోనే సరిపోయింది.

నాన్నగారు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు పద్ధతిలో కొడతారు. ఎడమ చేతికి అచ్చులు, గుణింతాలు, కుడి చేతికి హల్లులు. కీబోర్డు వంక చూడరు. నేను లేఖిని అనే వెబ్‌సైటులో నేర్చుకున్నవాణ్ణి, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతే నాకు వచ్చు. ఒకే యంత్రంలో ఇద్దరికీ కుదరాలి.

ఆయనది సులువుగానే అయింది. కీబోర్డు సెట్టింగుల్లో లేఅవుట్ కింద తెలుగు చేర్చి, భాష మార్చే మీటలుగా ఆల్ట్, షిఫ్ట్ పెట్టాను. విండోస్‌లో ఆయన నొక్కేవీ అవే. మొదటి వాక్యం ఎక్కడా ఆగకుండా కొట్టేశారు. రెండో వాక్యంలో చెయ్యి ఆగింది. విండోస్‌లో క్ష, త్ర, శ్రలకు పై వరుసలో షిఫ్ట్ పట్టి నొక్కితే ఒక్కో మీటలో వచ్చేవి. ఇక్కడి లేఅవుట్‌లో ఒక మీటకు ఒక అక్షరమే. క్ష రావాలంటే క, పొల్లు, ష విడివిడిగా కొట్టాలి: కె మీట, డి మీట, తర్వాత షిఫ్ట్ పట్టి కామా. "అసలు రాసేటప్పుడూ కకు ష వత్తే కదరా ఇచ్చేది" అని కాగితం మీద లక్ష్మి, పక్షి, రక్షణ, శిక్షణ అని వరసగా రాసుకుని పదిసార్లు సాధన చేశారు. డెబ్బై దాటిన మనిషి అలా కూర్చుని నేర్చుకుంటుంటే పక్కన ఉన్న నాకు చాలా సంతోషమనిపించింది.

నా కోసం ఐబస్ అనే టైపింగ్ సాధనం, దానికి తోడు ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ వేశాను. అందులో తెలుగుకి ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్ లాంటి పద్ధతులు ఉన్నాయి. ఒకసారి లాగౌట్ అయి మళ్లీ వస్తేనే జాబితాలో కనిపిస్తాయి. ఇది తెలియక గంట పోయింది.

ఇంకో సంగతి. సాఫ్ట్‌వేర్ అని కొడితే ట్ కింద వ వత్తు పడిపోయి సాఫ్ట్వేర్ అయిపోతుంది. రెంటినీ విడగొట్టే కనపడని అక్షరం ఒకటుంది. కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కి, 200సి అని కొట్టి, స్పేస్ నొక్కితే అది వస్తుంది. ఆ కొట్టడం ఇంగ్లీషు లేఅవుట్‌లో ఉండగా చేయాలి. మాటిమాటికీ ఇది కష్టం కాబట్టి తరచూ వచ్చే మాటలను లిబ్రేఆఫీస్ (ఎంఎస్ ఆఫీస్ లాంటిది) ఆటోకరెక్ట్‌లో వేసి పెట్టాను.

ఫాంట్లకు ఫాంట్స్ తెలు ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీ ఉంది. మండలి, సూరన్న, రామభద్ర లాంటివి ఒక్క దెబ్బకు వచ్చేస్తాయి. లోపలి రాతకు మండలి, శీర్షికకు రామభద్ర అని నాన్నగారే ఎంచుకున్నారు.

అక్టోబరు 31

మొంథా తుపాను 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. మా దొడ్లో రెండు కొబ్బరి చెట్లు పోయాయి, అరటి మొత్తం పడిపోయింది. మనుషులందరం క్షేమం.

అంతకు ముందు రోజు సాయంత్రం నేను అప్‌డేట్లు పెట్టాను. తుపాను హెచ్చరిక ఉండగా, యూపీఎస్ లేకుండా అప్‌డేట్ మొదలుపెట్టకూడదు. మధ్యలో కరెంటు పోయింది. మళ్లీ రెండు రోజులకు వచ్చింది. కంప్యూటర్ అయితే మామూలుగానే లేచింది. మింట్ డిస్కులో ఫైళ్లు దాచే ఈఎక్స్‌టీ4 అనే పద్ధతిలో, జరుగుతున్న మార్పుల చిట్టా ఉంటుంది, దాన్ని చూసి తనే సరిచేసుకుంటుంది. కానీ అప్‌డేట్ మేనేజర్ మాత్రం పని సగంలో ఆగిందని ముందుకు కదల్లేదు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు ఒక్కో ముక్కా చెప్పాడు: టెర్మినల్ తెరువన్నయ్యా, సుడో, ఖాళీ, డీపీకేజీ, ఖాళీ, రెండు హైఫన్లు కాన్ఫిగర్, ఖాళీ, ఒక హైఫన్ ఏ. సగంలో ఉన్న ప్యాకేజీలన్నీ ఒక్కొక్కటే సర్దుకున్నాయి. టైమ్‌షిఫ్ట్ దాకా వెళ్లే అవసరం రాలేదు. ఈ ఆదేశాన్ని కాగితం మీద రాసి మానిటర్ పక్కన గోడకు అంటించాను.

నవంబరు 9, ఆదివారం

పాత హార్డ్‌డిస్కు కేబుల్ మళ్లీ పెట్టాను. ఫైళ్లు కనిపిస్తున్నాయి కానీ ఏమీ సేవ్ కావడం లేదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు, అందుకని లినక్స్ ఆ డిస్కును చదవడానికే తెరుస్తుంది. విండోస్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేశాక సరిపోయింది. అక్కడ గడియారం అయిదున్నర గంటలు వెనక్కి చూపించింది. మింట్ మదర్‌బోర్డు గడియారంలో గ్రీనిచ్ సమయం పెడుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. మింట్‌నే స్థానిక సమయం వాడేలా మార్చాను.

కొబ్బరి లెక్కలు ఎక్సెల్ లాంటి లిబ్రేఆఫీస్ కాల్క్‌లో తెరిచాం. ఫార్ములాలన్నీ ఉన్నాయి. ఏడేళ్ల మొత్తాలను పాత ప్రింటుతో సరిచూశాం, ఒక్క రూపాయి తేడా లేదు. విండోస్‌లో ఉండే గౌతమి ఫాంటు ఇక్కడ లేదు కాబట్టి కొన్ని గళ్లలో పేర్లు ఇరుకయ్యాయి, వెడల్పు పెంచాం. వర్డ్ లాంటి లిబ్రేఆఫీస్ రైటర్‌లో స్టైల్ మార్చేవాళ్లు గుర్తుపెట్టుకోండి: ఇంగ్లీషు ఫాంటు, తెలుగు ఫాంటు వేర్వేరుగా పెట్టాలి. తెలుగు కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ కింద ఉంటుంది. ముందు ఆప్షన్లలో భాషల దగ్గర దాన్ని తెలుగుగా ఎంచుకోండి.

నవంబరు 23

ప్రింటర్. రెండు ఆదివారాలు పోయాయి, పాత లేజర్ ప్రింటర్ కదల్లేదు. దానికి తయారీదారు ఇచ్చిన డ్రైవరే కావాలి, ఆ డ్రైవరు ఈ కొత్త సిస్టమ్‌లో నిలవడం లేదు. బాబాయ్ గారింట్లో ఉన్న వైఫై ఇంక్‌జెట్ మాత్రం మింట్ ఉన్న ఒక ల్యాప్‌టాప్‌కి డ్రైవరు అడగకుండా తనంతట తనే జాబితాలోకి వచ్చింది. మారాలనుకునేవాళ్లు అన్నిటికంటే ముందు ప్రింటర్‌నే పెన్‌డ్రైవ్ మీద పరీక్షించుకోండి. ప్రస్తుతానికి మేం పీడీఎఫ్ చేసి అంబాజీపేటలో జిరాక్స్ షాపుకు తీసుకెళ్తున్నాం. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఉంటుంది కాబట్టి అక్కడ ఏ కంప్యూటర్‌లో తెరిచినా వత్తులు చెదరవు.

డిసెంబరు 21

విండోస్ తెరిచి నెల దాటింది. రాసుకోవాల్సిన ఇబ్బంది ఏదీ రాలేదు.

జనవరి 11, ఆదివారం

కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. మా ఊరి చిన్న ప్రభకి కూడా చందాల పుస్తకం సిద్ధమైంది. నాన్నగారు మొత్తం తనే కొట్టారు. పైన రామభద్రలో శీర్షిక, లోపల మండలిలో పేర్లు. జిరాక్స్ షాపులో 60 ప్రతులు తీయించాం. కమిటీ వాళ్లొకరు "మాస్టారూ, ఈసారి ఎక్కడ డీటీపీ చేయించారండీ?" అని అడిగితే, "ఇంట్లోనేనండి, మా అబ్బాయి కొత్త సిస్టమ్ పెట్టాడు" అన్నారు నాన్నగారు.

ఇక పాత డిస్కులో ఆయన తాత్పర్యాలు 23 ఫైళ్లున్నాయి. అప్పట్లో డీటీపీ వాళ్లు పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాంలో, ఇప్పుడు అన్నిచోట్లా నడిచే యూనికోడ్ పద్ధతి కాని పాత ఫాంట్లతో చేసినవి. యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు, సున్నాలు అక్కడక్కడా తప్పు పడుతున్నాయి. రాత్రి భోజనాలయ్యాక ఆయన పాత ప్రింటు చూసి చదువుతుంటే నేను తెర మీద దిద్దుతున్నాను. 14 అయ్యాయి, ఇంకా 9 ఉన్నాయి. అవి కూడా అయ్యాకే ఆ డిస్కును ఖాళీ చేసి బ్యాకప్‌కి వాడతాం.