ఫారం-బి చేతికొచ్చేదాకా: నా అనుభవం

నిన్న మధ్యాహ్నం ఫారం-బి చేతికొచ్చింది. మతం మారేవాళ్ల బాప్తిస్మం గురించి ముందే తెలియజేసినట్టు కలెక్టరాఫీసు ఇచ్చే రసీదు అది. దాని మీద తేదీతో పాటు గంట కూడా ఉంది, 11-40 అని, నీలం సిరాతో. ఆ గంట వేయించడానికి నెలా పదమూడు రోజులు పట్టింది. వచ్చే ఆదివారం బాప్తిస్మం. కోపం చల్లారితే సగం మర్చిపోతానని ఇప్పుడే రాస్తున్నాను.

మాది ఒడిశా సరిహద్దు జిల్లా. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా. మా సంఘంలో ఆరాధన తెలుగులోనే. అయ్యగారు, అంటే మా పాస్టరు, వాక్యం చూసుకుంటారు, కాగితాలు మాత్రం కార్యదర్శినని నా నెత్తిన పడతాయి. ఈసారి హిందూ దంపతులిద్దరు తమంతట తామే అడిగి బాప్తిస్మానికి సిద్ధపడ్డారు.

ఆంధ్రలో ఉన్న చుట్టాలు "దీనికి కలెక్టరుతో పనేంట్రా?" అంటారు. అక్కడ ఇలాంటి చట్టం లేదు. ఇక్కడ 1967 నాటి మత స్వాతంత్ర్య చట్టం ఉంది, దానికి 1989లో నిబంధనలు వచ్చాయి. 1972లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేస్తే, 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు నిలబెట్టింది. మతాన్ని ప్రచారం చేసుకోవచ్చు గానీ ఇంకొకరిని మార్చే హక్కు అందులో లేదని తీర్పు. మనకు నచ్చకపోవచ్చు, ఆ గీత లోపలే పని కానిచ్చుకోవాలి.

కాగితాలు రెండు. ఒకటి మారే మనిషిది, నా ఇష్టంతోనే మారుతున్నానని ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ముందు ఇచ్చే డిక్లరేషన్. రెండోది పాస్టరుది. కార్యక్రమం తేదీ, సమయం, చోటు, మారేవాళ్ల పేర్లు, చిరునామాలు ఫారం-ఏలో రాసి పదిహేను రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు, తెలియజేయాలి. ఇది అనుమతి కోరే దరఖాస్తు కాదు. "అనుమతి ఇప్పించగలరు" అని ఒక్క ముక్క రాశారా, అనుమతి ఇంకా రాలేదని ఏళ్ల తరబడి కూర్చోబెడతారు. మొదటి ప్రతిలో మేమూ ఆ తప్పే చేసి, చింపి మళ్లీ రాశాం.

క్రైస్తవ ఇంట్లో పుట్టిన పిల్లలు పెద్దయ్యాక తీసుకునే బాప్తిస్మానికి ఇవేవీ అక్కర్లేదు. చట్టం ప్రకారం మతం మారడమంటే ఒక మతం వదిలి ఇంకోటి పుచ్చుకోవడం. ఈ పిల్లలు వదిలేదేముంది? అయినా ఎవరో ఒకరు భయపడి వాళ్ల పేర్లు కూడా ఇచ్చి లేని తలనొప్పి కొని తెచ్చుకుంటారు.

డిక్లరేషన్ ఒక పూటలో అయిపోయింది. నోటరీ అఫిడవిట్ చాలనే మాట నమ్మకండి, నిబంధనలో మేజిస్ట్రేటు అనే ఉంది.

ఇక అసలు గోల. భర్త ఆధార్ ఇక్కడిదే. ఆమె పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా, పెళ్లయి తొమ్మిదేళ్లయినా కార్డులో చిరునామా మార్చుకోలేదు. సరిహద్దు ఊళ్లలో ఇది మామూలే, ఆధార్ అటు, కాపురం ఇటు. కలెక్టరాఫీసు సెక్షన్‌లో గుమాస్తా ఆ కార్డు చూసి ఫైలు వెనక్కి తోశాడు. "ఈవిడ ఆంధ్రా మనిషి. అక్కడి కలెక్టరు దగ్గర ఎన్‌ఓసీ తెండి" అన్నాడు, అంటే అభ్యంతరం లేదన్న కాగితం. చట్టమే లేని చోట ఏ కలెక్టరు, ఏ సెక్షన్ కింద ఎన్‌ఓసీ ఇస్తాడని అడిగాను. "అది మీ పని" అన్నాడు. ఒడియా మర్యాదలో ఆజ్ఞా ఆజ్ఞా (అయ్యా అయ్యా) అంటూ అరగంట నిలబడ్డాను, కూర్చోమన్న పాపాన పోలేదు.

రెండోసారి వెళితే ఆమెనే తీసుకురమ్మన్నాడు. తీసుకెళ్లాం. అందరి ముందూ ఒడియాలో "ఏం ముట్టింది, బియ్యమా, డబ్బా?" అని నవ్వాడు, ఆమెకు ఒడియా రాదనుకుని. ఆమె ఒడియాలోనే జవాబిచ్చింది: "నాకెవరూ ఏమీ ఇవ్వలేదు బాబూ, నేనే నెలకు రెండొందలు కానుక వేస్తున్నాను." పక్క టేబుళ్ల వాళ్లు ఫైళ్లలోకి తలలు దూర్చేశారు. కాగితం మాత్రం తీసుకోలేదు.

ఇక్కడ నా తెలివితక్కువతనం కూడా ఉంది. మూడు వారాలు ఆ ఎన్‌ఓసీ వెంటపడ్డాను. శ్రీకాకుళం దాకా వెళ్లొచ్చాను. అక్కడివాళ్లు నన్ను జాలిగా చూసి టీ ఇప్పించి పంపారు. ఆ రాత్రి ఇంటికొచ్చి నిబంధనల కాగితం మొదటి నుంచీ చదివితే, అయిదో నిబంధనలో ఆధార్ అన్న మాటే లేదు, ఎన్‌ఓసీ లేదు. పాస్టరు స్వయంగా ఇవ్వొచ్చు, లేదా రసీదుతో రిజిస్టర్డ్ పోస్టులో పంపొచ్చు అని ఉంది. మనం చేతికిస్తే పుచ్చుకోని ఆఫీసు పోస్టుమాన్ ఇస్తే సంతకం పెట్టి మరీ పుచ్చుకుంటుంది.

పోస్టాఫీసులో ఇంకో చిక్కు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఉత్త స్పీడ్ పోస్టు చేసి వచ్చేయకండి. రిజిస్ట్రేషన్ సేవ, అందినట్టు రుజువు, రెండూ కావాలని కౌంటర్లో నోరు తెరిచి అడగాలి. కవరు మీద అధికారి పేరు కాదు, జిల్లా మేజిస్ట్రేటు అని హోదా రాయాలి. లోపల ఫారం-ఏ, డిక్లరేషన్ నకళ్లు, ఆమె ఇక్కడే ఉంటోందని తహశీల్దారు ఇచ్చిన రెసిడెంట్ సర్టిఫికెట్ పెట్టాం. ఆ సర్టిఫికెట్ నిబంధన అడగదు, గుమాస్తా నోరు మూయించడానికి.

పదిహేను రోజులు పోస్టు చేసిన రోజు నుంచి కాదు, వాళ్లకు అందిన రోజు నుంచి. అందిన రోజూ కార్యక్రమం రోజూ రెండూ వదిలేసి లెక్కేసుకోండి. నేను ఇరవై నాలుగు రోజుల అవతలి ఆదివారం పెట్టాను. అందిన తేదీ, గంట వేసి ఫారం-బిలో రసీదివ్వడం వాళ్ల విధి, కానీ అడిగితే గానీ రాదు. నాకు పదిహేడు రోజులు పట్టింది. తెలియజేయలేదని తేలితే పాస్టరుకు వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా ఎంతలే అనుకోకండి, కాగితం లేదన్న మాట ఊళ్లో పొక్కితే జరిగేది వేరు.

ఠాణా నుంచి ఏఎస్సై వచ్చి ఇద్దరినీ విడివిడిగా, మర్యాదగానే అడిగి వెళ్లాడు. కేసంటూ పెడితే మాత్రం ఇన్‌స్పెక్టరుకు తగ్గనివాడే దర్యాప్తు చేయాలి, కోర్టుకెళ్లాలంటే కలెక్టరు గానీ ఆయన అధికారమిచ్చిన సబ్ డివిజనల్ అధికారి గానీ మంజూరు ఇవ్వాలి. బలవంతం, మోసం, ప్రలోభం రుజువైతే ఏడాది దాకా జైలు, 5,000 దాకా జరిమానా. మారినవాళ్లు స్త్రీలు, మైనర్లు, ఎస్సీ, ఎస్టీలైతే రెండేళ్లు, 10,000. ఎస్సీ కుటుంబం వస్తే, ఎస్సీలెవరో చెప్పే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆ హోదా పోతుందని అయ్యగారే ముందు చెప్పాలి. ఎస్టీలకు ఆ బాధ లేదు.

సంతలో కరపత్రాలు పంచే మహానుభావులకు ఒక ముక్క. ఈ చట్టంలో బలవంతమంటే దెబ్బలే కాదు, దైవకోపం తగులుతుందని బెదిరించడమూ, వెలి వేస్తామనడమూ అందులోకే వస్తాయి. ప్రలోభమంటే డబ్బు, వస్తువు, ఏ లాభమైనా సరే. మీరు "నరకాగ్ని" అని ఎర్ర అక్షరాలతో అచ్చేయించి, నాలుగు దుప్పట్లు పంచి, సాయంత్రం బస్సుకు ఆంధ్రా వెళ్లిపోతారు. మర్నాడు ఠాణాకు పిలిచేది మమ్మల్ని.

ఆదివారం పొద్దున ఆరున్నరకు ఏటి దగ్గర. ఫారం-బి జిరాక్సులు నాలుగు తీయించాను. ఒకటి అయ్యగారి బైబిల్లో, ఒకటి నా చొక్కా జేబులో, ఒకటి ఠాణాకు. నాలుగోది ఆమె అడిగి తీసుకుంది. ఆధార్‌లో చిరునామా మార్చుకో తల్లీ అని మళ్లీ చెప్పాను, సోమవారం వెళ్తానంది.