881 రూపాయల బిల్లు

చీమకుర్తిలో మా మేనమామకి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. నల్ల రాయిలో బంగారు రవ్వలు మెరిసే బ్లాక్ గెలాక్సీ అక్కడి రాయే. డిగ్రీ అయ్యాక ఒంగోల్లో గది తీసుకుని సొంతంగా పీహెచ్‌పీ (వెబ్ పేజీలు తయారుచేసే ప్రోగ్రామింగ్ భాష) నేర్చుకుంటున్న రోజుల్లో మామయ్య కోసం ఒక బిల్లు పేజీ రాశాను. స్లాబు కొలతలు కొడితే చదరపు అడుగులు కట్టి, రేటుతో గుణించి, లోడింగ్ కూలి కలిపి మొత్తం చూపించాలి. గదిలో ఎన్నిసార్లు చూసుకున్నా సరిగ్గానే వచ్చింది. యూనిట్‌లో పెట్టిన రెండో రోజే మామయ్య ఫోన్ చేశాడు.

“ఏందిరా అబ్బాయ్, ఇంత రాయికి 881 రూపాయలేనా?”

104 అడుగులు 120 చొప్పున 12,480. ఇంకో 78 అడుగులకి 9,360. కూలి 860. మొత్తం 22,700 రావాలి. విడివిడిగా మూడు వరసలూ సరిగ్గానే ఉన్నాయి, కూడికే తప్పు. మామయ్య ప్రతి బిల్లూ కాగితం మీద ఇంకోసారి వేసుకునే మనిషి కాబట్టి నష్టం జరగలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటికి నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, వార్‌డంప్. అనుమానం ఉన్న ప్రతిచోటా ఒక వార్‌డంప్ పెట్టి విలువ ప్రింట్ చేయించడం. గుణకారం దగ్గర పెట్టాను, అంతా సరే. అసలు కూడిక జరిగేది బిల్లు సేవ్ చేసే ఫైల్‌లో. అది సేవ్ అవగానే వేరే పేజీకి పంపించేస్తుంది, నేను ప్రింట్ చేయించినదేదీ తెరమీద నిలవదు. ఎర్రర్లన్నీ చూపించమని సెట్టింగ్ మార్చాను. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. ఎర్రర్ వచ్చుంటే కనీసం లైన్ నంబరైనా దొరికేది. ఏమీ రాకపోవడమే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

ఎవరిని అడిగినా ఎఫ్12 నొక్కి చూడమన్నారు. క్రోమ్‌లో ఉండే ఆ టూల్స్ జావాస్క్రిప్ట్‌కి చాలా బాగా పనికొస్తాయి. కానీ పీహెచ్‌పీ నడిచేది సర్వర్‌లో, బ్రౌజర్‌కి చేరేది దాని ఫలితం మాత్రమే. పక్క గదిలో ఉండే అన్న ఒకరోజు నా స్క్రీన్ చూసి, “ప్రింట్లు ఎన్నని పెడతావు తమ్ముడూ, డీబగ్గర్ పెట్టుకో” అన్నాడు. ఎక్స్‌డీబగ్ అనే పేరు మొదటిసారి విన్నది ఆయన నోటే. డెరిక్ రెథాన్స్ అనే ఆయన 2002లో మొదలుపెట్టి ఇప్పటికీ చూసుకుంటున్న ఉచిత టూల్ అది, నడుస్తున్న పీహెచ్‌పీ ప్రోగ్రాంని మధ్యలో ఆపి లోపలి విలువలు చూపిస్తుంది.

పేరు దొరికింది గానీ, అది పనిచేసేసరికి మూడు సాయంత్రాలు పట్టింది.

మొదటి రోజు తప్పు ఫైల్ దించుకున్నాను. విండోస్‌కి ఎక్స్‌డీబగ్ ఫైళ్లు చాలా రకాలు ఉంటాయి. మన పీహెచ్‌పీ వెర్షన్, అది థ్రెడ్ సేఫ్ అనే రకమా కాదా, రెండూ కలవాలి. ఇందులో ఊహించే పనే లేదని తర్వాత తెలిసింది. మన పీహెచ్‌పీ వివరాలన్నీ చూపించే పీహెచ్‌పీఇన్‌ఫో పేజీ మొత్తం కాపీ చేసి ఎక్స్‌డీబగ్ సైట్‌లోని విజార్డ్‌లో అతికిస్తే, ఏ ఫైల్ దించుకోవాలో, ఏ ఫోల్డర్‌లో పెట్టాలో, ఏ లైన్ రాయాలో అదే చెబుతుంది. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే నాకు ఒక సాయంత్రం మిగిలేది. రెండో రోజు సరైన లైనే రాశాను, కానీ పీహెచ్‌పీ చదవని సెట్టింగ్స్ ఫైల్‌లో రాశాను. ఏ ఫైల్ చదువుతోందో కూడా ఆ పీహెచ్‌పీఇన్‌ఫో పేజీలోనే ‘లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్’ అన్న వరసలో ఉంటుంది.

మూడో రోజుది అసలైన చిక్కు. ఎక్స్‌డీబగ్ లోడ్ అయింది, నేను కోడ్ రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో పీహెచ్‌పీ డీబగ్ ఎక్స్‌టెన్షన్ పెట్టాను, ఆగాల్సిన లైన్ పక్కన ఎర్ర చుక్క పెట్టాను, అయినా ప్రోగ్రాం ఆగదు. నేను చూస్తున్న పాఠాలన్నీ పాతవి. 2020 నవంబరులో వచ్చిన ఎక్స్‌డీబగ్ 3లో సెట్టింగుల పేర్లే మార్చేశారు. పాత ‘రిమోట్ ఎనేబుల్’ పోయి ‘మోడ్’ వచ్చింది, దానికి ‘డీబగ్’ అని ఇవ్వాలి. ఎక్స్‌డీబగ్, ఎడిటర్ మాట్లాడుకునే పోర్ట్ నంబరు 9000 కాస్తా 9003 అయింది, ఎందుకంటే 9000ని సర్వర్‌లో పీహెచ్‌పీని నడిపే పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం కూడా వాడుతుంది. ఇంకో మాట కూడా అప్పుడే అర్థమైంది. ఎడిటర్ వెళ్లి ఎక్స్‌డీబగ్‌ని పిలవదు. ఎడిటర్ 9003 మీద చెవి పెట్టి కూర్చుంటే, ఎక్స్‌డీబగ్గే దాన్ని వెతుక్కుంటూ వస్తుంది. పాత పాఠం చూసి నా ఎడిటర్‌ని ఇంకా 9000 మీదే వినమన్నాను, మోడ్ సెట్టింగేమో అసలు రాయనేలేదు.

రెండూ సరిచేసి, వెబ్ సర్వర్ అపాచీని ఆపి మళ్లీ మొదలుపెట్టి, బిల్లు సేవ్ నొక్కాను. కూడిక ఉన్న లైన్ పసుపు రంగులో ఆగి నిలబడింది. ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ నా కోసం ఆగడం అదే మొదటిసారి చూడటం. ఎడమవైపు అప్పటి విలువలన్నీ వరసగా ఉన్నాయి. ఎఫ్10 నొక్కుతూ ఒక్కో లైనే దాటాను. ఫారం నుంచి వచ్చింది “12,480.00”, కోట్స్‌లో, కామాతో. తర్వాతి లైన్ దాటగానే అది 12 అయిపోయింది.

అందంగా కనిపించాలని అంకెలకి నంబర్ ఫార్మాట్ పెట్టింది నేనే. అది కామా పెట్టి అంకెని అక్షరాల వరసగా మార్చేసింది. దాన్ని సేవ్ చేసే ఫైల్‌లో ఫ్లోట్‌గా, అంటే దశాంశ సంఖ్యగా మార్చమన్నాను. పీహెచ్‌పీ ఎడమ నుంచి చదువుకుంటూ వచ్చి కామా దగ్గర ఆగిపోతుంది. మనమే మార్చమని చెప్పాం కాబట్టి హెచ్చరిక కూడా ఇవ్వదు. 12, 9, 860 కలిపితే 881. గదిలో నేను చూసుకున్నవన్నీ 500, 700 లాంటి చిన్న మొత్తాలు, వాటికి కామానే పడదు.

దిద్దడానికి రెండు నిమిషాలు పట్టింది. లెక్కలన్నీ కామా లేని అంకెలతోనే చేసి, చివర్లో చూపించేటప్పుడు మాత్రమే ఫార్మాట్ పెట్టాను. ఎక్స్‌డీబగ్ నా కంప్యూటర్‌లోనే ఉంచుకున్నాను. ప్రోగ్రాంని నెమ్మది చేస్తుంది కాబట్టి యూనిట్‌లో దానికి పని లేదు.

మామయ్య పాత బిల్లు పుస్తకంలోంచి పెద్ద బిల్లులు పది ఏరి నా చేతికిచ్చాడు. ఆదివారం యూనిట్‌లో ఆయన పక్కనే కూర్చుని పదీ కొట్టాను. ఒక్కో మొత్తం తెరమీద రాగానే ఆయన పుస్తకంలో వేలు పెట్టి చూసి, పెన్సిల్‌తో టిక్ కొట్టుకుంటూ పోయాడు. లక్ష దాటిన వాటికి మాత్రం రెండేసి టిక్కులు పెట్టాడు.