కూర్చున్నాను సార్

2011 అక్టోబర్‌లో జమ్మికుంట దగ్గర రైలు పట్టాల మీద కూర్చున్నాం. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. సెప్టెంబర్ 13న మొదలైన సమ్మె 42 రోజులు సాగింది. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపో గేటు దాటలేదు, సింగరేణిలో బొగ్గు ఆగింది. మేం టీచర్లం పాతికమంది దాకా ఉన్నాం. కంకర గుచ్చుకోకుండా ఒకామె ఇంటి నుంచి గోనెసంచులు తెచ్చి పరిచింది. మధ్యాహ్నం రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) వాళ్లు వచ్చారు, పేర్లు రాసుకున్నారు, వ్యాన్ ఎక్కించారు, పొద్దు గూకాక సొంత పూచీకత్తు మీద వదిలిపెట్టారు. ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాను. దాన్ని మేమెవరం అరెస్టు అనలేదు. "తీస్కపోయిండ్రు" అనుకున్నాం, అంతే. ఆ రెండు మాటల మధ్య ఎంత దూరం ఉందో నాకు పదేళ్ల తర్వాత తెలిసింది.

రాష్ట్రం వచ్చింది. ఉద్యమ కేసులు చాలావరకు ఎత్తేశారు. మా మీద పెట్టింది మాత్రం రైల్వే చట్టం 174వ సెక్షన్. పట్టాల మీద కూర్చుని రైలును ఆపితే రెండేళ్ల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అది కేంద్రం చట్టం. రాష్ట్రం ఎత్తేసిన కేసుల్లో మాది లేదు. వాయిదా ఉన్నప్పుడల్లా పొద్దున్నే బస్సెక్కి రైల్వే కోర్టుకు పోవడం, పేరు పిలిస్తే లేచి నిలబడడం, ఇంకో తేదీ రాసుకుని తిరిగి రావడం. నేను 2019లో రిటైరయ్యాను. కేసు అక్కడే ఉంది.

2022లో న్యూజెర్సీ నుంచి మా బిడ్డ ఫోన్ చేసి నెల తప్పిందని చెప్పింది. నవంబర్‌లో పురుడు. తొలి కాన్పుకు తల్లి దగ్గరుండాలి. మా ఆయన అత్తమ్మను చూసుకోవాలి కాబట్టి నేనొక్కదాన్నే పోవాలని ఇంట్లో అనుకున్నాం. పాస్‌పోర్టు కోసం మీసేవ దగ్గర కూర్చుని ఫారం నింపిస్తుంటే ఆ ప్రశ్న వచ్చింది. కోర్టులో మీ మీద క్రిమినల్ కేసు ఏదైనా నడుస్తోందా? ఫారం నింపే పిల్లవాడు నన్నడగకుండానే 'లేదు' మీద నొక్కాడు. ఆపాను. "టీచరమ్మా, అది ఉద్యమం కేసు గదా, గది లెక్కల రాదు" అన్నాడు. వస్తుంది బాబూ, మార్చమన్నాను.

తర్వాత వెరిఫికేషన్‌కు వచ్చిన కానిస్టేబుల్ కూడా "మా స్టేషన్ల మీ మీద ఏం లేదమ్మా" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. రైల్వే కేసు ఆర్‌పీఎఫ్ రికార్డులో ఉంటుంది, ఊరి ఠాణాలో కనబడదు. అందుకే చాలామంది 'లేదు' అని రాసేసి పాస్‌పోర్టు తెచ్చుకున్నారు. వాళ్లను తప్పుపట్టను, ఎవరి అవసరం వాళ్లది. కానీ పాస్‌పోర్టు చట్టం 12వ సెక్షన్ కింద తెలిసీ దాచిపెట్టడం కూడా ఒక నేరమే, దానికీ రెండేళ్ల వరకు శిక్ష ఉంది. దాచిన సంగతి తర్వాత బయటపడితే పాస్‌పోర్టునే స్వాధీనం చేసుకోవచ్చు. పట్టాల మీద కూర్చున్న కేసు పోయి అబద్ధమాడిన కేసు మెడకు చుట్టుకుంటుంది.

కరీంనగర్ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో నా ఫైలు పక్కన పెట్టారు. కోర్టు అనుమతి తెమ్మన్నారు. నియమం ఏమిటంటే, కోర్టులో కేసు నడుస్తున్నవాళ్లకు చట్టం 6(2)(ఎఫ్) కింద పాస్‌పోర్టు ఇవ్వరు. అయితే 1993 ఆగస్టు 25న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. దాని నంబరు జీఎస్ఆర్ 570(ఇ), ఈ అవస్థ ఉన్నవాళ్లు రాసి పెట్టుకోవాలి. కేసు నడుస్తున్న కోర్టు దేశం దాటడానికి అనుమతిస్తే పాస్‌పోర్టు ఇవ్వొచ్చని అందులో ఉంది. నేను దెబ్బతిన్నది ఆ తర్వాతి వాక్యం దగ్గర. ఎంతకాలానికి ఇవ్వాలో కోర్టు తన ఆర్డర్లో రాస్తే అంతకాలానికి ఇస్తారు. రాయకపోతే ఒక్క ఏడాదికే.

మా వకీలు సాబ్ మంచివాడు. రైల్వే కోర్టులో పిటిషన్ వేశాడు, జడ్జి గారు ఎక్కువ ప్రశ్నలు వేయకుండానే అభ్యంతరం లేదని ఆర్డర్ ఇచ్చారు. నేను సంతోషంగా కాగితం తీసుకుని పరుగెత్తాను. కాలం సంగతి అందులో లేదు. పిటిషన్‌లో మేం అడగనే లేదు. ఆగస్టులో పాస్‌పోర్టు వచ్చింది, గడువు వచ్చే ఆగస్టు దాకా. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో అమెరికా విజిట్ వీసా ఇంటర్వ్యూకు మొదటిసారి పోయేవాళ్లకు స్లాట్లు ఏడాదికి పైగా దూరంలో ఉన్నాయి. నాకు దొరికే తేదీ కంటే ముందే నా పాస్‌పోర్టు చచ్చిపోతుంది. పిటిషన్‌లో 'పదేళ్ల కాలానికి' అన్న మాట అడిగి ఉంటే నా కథ వేరుగా ఉండేది. మీలో ఎవరైనా ఇదే పిటిషన్ వేయించుకుంటుంటే సంతకం పెట్టే ముందు ఆ ఒక్క మాట ఉందో లేదో చూసుకోండి. వకీలు కోపం చేసుకున్నా ఫర్వాలేదు.

మనవడు నవంబర్‌లో పుట్టాడు. మా బిడ్డ ఆపరేషన్ నొప్పితో పక్కకు తిరగలేకపోతుంటే నేను ఫోన్‌లో చూస్తూ కూర్చున్నాను. అల్లుడు తనకు వచ్చినట్టు వాముకషాయం కాస్తున్నాడు. నేను ఇక్కడి నుంచి "ఇంకొంచెం మరగనీ బాబూ" అంటున్నాను. ఆ రాత్రి ఏడ్చినంత నేను ఎప్పుడూ ఏడవలేదు.

కేసు తేలకపోతే ఏదీ తేలదని అప్పుడు అర్థమైంది. వకీలు సాబ్ రెండు దారులు చెప్పాడు. నేరం ఒప్పుకుంటే అదేరోజు జరిమానా కట్టి పోవచ్చు. కాదంటే సాక్షుల విచారణ, ఇంకా ఎన్నేళ్లో. ఒప్పుకుంటే శిక్ష పడినట్టేనా అని అడిగాను. "గది లెక్కగాదు టీచరమ్మా, ఫైనే గదా" అన్నాడు. లెక్కే. కోర్టు ముందు నేరం ఒప్పుకుని వంద రూపాయలు కట్టినా అది దోషిగా తేలినట్టే. లోక్ అదాలత్‌లో, డ్రంక్ అండ్ డ్రైవ్ కోర్టులో ఎంతోమంది పిల్లలు "అయిపోద్ది" అనుకుని ఒప్పుకుని వస్తుంటారు. ఎదుటివాళ్లతో రాజీ పడడం వేరు, నేరం ఒప్పుకోవడం వేరు అని వాళ్లకెవరూ చెప్పరు. నేను తెలిసే ఒప్పుకోదలిచాను. కూర్చోలేదని చెప్పడానికి నాకు నోరు రాదు.

2023 జనవరిలో జడ్జి గారు తెలుగులోనే అడిగారు. "పట్టాల మీద కూర్చున్నారా?" కూర్చున్నాను సార్ అన్నాను. ఆయన తలెత్తి ఒకసారి చూసి రాసుకున్నారు. వెయ్యి రూపాయల జరిమానా. రసీదు కార్బన్ పేపరు మీద రాసింది, నీలం అక్షరాలు సగం పడీ పడనట్టు ఉన్నాయి. జిరాక్స్ షాపులో మూడుసార్లు తీయిస్తే గానీ నంబరు కనబడలేదు. తీర్పు సర్టిఫైడ్ కాపీలు ఒకటి కాదు, మూడు తీసుకున్నాను. అది నేను చేసిన తెలివైన పని. పాత కేసు ఫైలు రికార్డు రూముకు పోయాక కాపీ తీయాలంటే నెలలు పడుతుంది.

కేసు ముగిసింది కాబట్టి 6(2)(ఎఫ్) అడ్డు పోయింది. శిక్షపడ్డవాళ్ల విషయంలో పాస్‌పోర్టు ఆఫీసు చూసేది వేరు. గత ఐదేళ్లలో మోసం, దొంగతనం లాంటి నైతిక పతనంతో కూడిన నేరానికి రెండేళ్లకు తక్కువ కాకుండా జైలు శిక్ష పడిందా అని. నాది జరిమానా. తీర్పు కాపీ పెట్టి మళ్లీ దరఖాస్తు చేస్తే మార్చిలో పదేళ్ల పాస్‌పోర్టు చేతికొచ్చింది. అదే వారం వీసా స్లాట్ బుక్ చేశాం. దొరికింది 2024 ఫిబ్రవరి.

మా చెల్లెలి కొడుకు సంగతి ఇక్కడే చెప్పాలి. కువైట్ పోవడానికి తయారైన పిల్లవాడు, పెళ్లి బరాత్‌లో కొట్లాటకు ఎఫ్ఐఆర్‌లో పేరెక్కింది. పాస్‌పోర్టు రాదని ఏజెంటు భయపెట్టి డబ్బులడిగాడు. ఎఫ్ఐఆర్ ఉన్నంత మాత్రాన, దర్యాప్తు నడుస్తున్నంత మాత్రాన కోర్టులో కేసు ఉన్నట్టు కాదని విదేశాంగ శాఖ 2019 అక్టోబర్‌లోనే రాతపూర్వకంగా చెప్పింది. కోర్టు కేసును విచారణకు స్వీకరించినప్పటి నుంచే అది లెక్క. ఆ మాట తెలియక ఊళ్లలో ఎంతమంది పిల్లలు ఏజెంట్ల చేతిలో పడుతున్నారో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

వీసా ఫారంలో ప్రశ్న ఇంకోలా ఉంటుంది. మన పాస్‌పోర్టు ఫారం శిక్ష ఎంత పడిందని అడుగుతుంది. అమెరికా ఫారం, మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా లేదా శిక్ష పడిందా, తర్వాత క్షమించినా సరే చెప్పండి అని అడుగుతుంది. అంటే కేసు కొట్టేసినా 'అవును' అనే రాయాలి. మేం "తీస్కపోయిండ్రు" అనుకున్నది అక్కడ అరెస్టు. వివరాలకు ఇచ్చిన డబ్బాలో మా బిడ్డ ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు రాసింది: తేదీ, చోటు, సెక్షన్, జరిమానా. ఎందుకు కూర్చున్నానో కూడా ఒక వాక్యం రాయమన్నాను. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెంటు 'నో' పెట్టమని గట్టిగా చెప్పాడు. "వాళ్లకేం తెలుస్తది మేడం?" తెలియకపోవచ్చు. తెలిస్తే మాత్రం, అబద్ధంతో వీసా తీసుకోబోయినవాళ్లకు వాళ్ల చట్టంలో జీవితాంతం తలుపు మూసుకుంటుంది, ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప. నేను చేసిన పనికైతే అలా జీవితాంతం తలుపు మూసుకోదు. వాళ్లు ముఖ్యంగా చూసేది మోసం, దొంగతనం, హింస లాంటి నైతిక పతనం ఉన్న నేరాలను. పూర్తిగా రాజకీయమైన నేరాలను అందులోంచి మినహాయించారు కూడా.

నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో కిటికీ ముందు నిలబడ్డాను. అవతల ఆఫీసరు, పక్కన తెలుగులో చెప్పే అమ్మాయి. ఆఫీసరు ఫారం చూసి ఆగాడు. రైలు ఎందుకు ఆపారని అడిగాడు. మా రాష్ట్రం కోసం అన్నాను. ఎవరికైనా దెబ్బ తగిలిందా? లేదు. మళ్లీ అలాంటి పని చేశారా? మా రాష్ట్రం వచ్చింది సార్, అవసరం పడలేదు అన్నాను. ఆ అమ్మాయి అనువాదం చేస్తుంటే గొంతు కొద్దిగా తడబడింది, ఏ ఊరి పిల్లో. వీసా వెంటనే ఇవ్వలేదు. 221(జి) అన్న కాగితం ఇచ్చి కోర్టు రికార్డు సర్టిఫైడ్ కాపీ పంపమన్నారు. మూడు కాపీల్లో ఒకటి అక్కడికి పోయింది. ఎనిమిది వారాలు ఏ కబురూ లేదు. బిడ్డకు రెండో కాన్పు జూన్‌లో. ఏప్రిల్ చివర్లో పాస్‌పోర్టులో వీసా అతికి వచ్చింది.

వీసా ఉంటే విమానం ఎక్కొచ్చు, లోపలికి పంపాలా వద్దా అనేది సరిహద్దు దగ్గరి ఆఫీసరు చేతిలో. నేను అబుదాబి మీదుగా పోయాను. అమెరికా వాళ్ల ఇమిగ్రేషన్ తనిఖీ ఆ ఎయిర్‌పోర్టులోనే జరుగుతుంది, 2014 నుంచి. అక్కడ కాదంటే అక్కడి నుంచే ఇంటికి, న్యూయార్క్ గడప తొక్కేదే లేదు. వేలిముద్ర పెట్టగానే ఆఫీసరు తెర వంక చూసి, నా పాస్‌పోర్టును ఒక ఫోల్డరులో పెట్టి పక్క గదిలో కూర్చోమన్నాడు. గదిలో ఇంకో ఆరుగురు ఉన్నారు, ఎవరూ ఎవరి వంకా చూడలేదు. నా ఒళ్లో సంచీ, అందులో తీర్పు కాపీ, రసీదు, మిగిలిందంతా పెసరపప్పు, శొంఠిపొడి, కాయం. విమానానికి గంటన్నరే ఉంది. నలభై నిమిషాలకు పేరు పిలిచారు. నీలం అక్షరాల రసీదు చూపించాను. దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, ఎంత డబ్బు అని అడిగాడు. వన్ థౌజండ్ రుపీస్ అన్నాను. పన్నెండు డాలర్లు అని తనలో తనే లెక్క కట్టుకున్నాడు. స్టాంపు కొట్టాడు.

జూన్‌లో మనవరాలు పుట్టింది. ఈసారి వాముకషాయం నేనే కాచాను, కాళ్ల మీద పడుకోబెట్టుకుని లాలపోశాను.

సెప్టెంబర్‌లో అల్లుడు నయాగరాకు తీసుకుపోయాడు. కెనడా వైపు నుంచి జలపాతం ఎదురుగా కనబడుతుందట, వాళ్ల వీసాకు వేద్దామా అత్తమ్మా అన్నాడు. ఆ ఫారంలో, ఏ దేశంలోనైనా మీరు ఎప్పుడైనా నేరం చేశారా, అరెస్టయ్యారా, అభియోగం మోపారా, శిక్ష పడిందా అని నాలుగూ కలిపి అడుగుతారని బిడ్డ చదివి చెప్పింది. పైగా మన దగ్గరి నేరానికి వాళ్ల చట్టంలో ఏది సమానమో చూసి తేలుస్తారట. నా దగ్గర ఒక్క కాపీయే మిగిలింది. అది తిరుగు ప్రయాణానికి దాచుకున్నాను. ఈ ఒడ్డునే నిలబడి చూశాం. తుంపరలకు పాప ముఖం తడిస్తే కొంగు కప్పాను. మనవడు ఇనుప కటకటాలు పట్టుకుని అవతలి ఒడ్డు మీద చీమల్లా కనబడుతున్న మనుషులకు చెయ్యి ఊపుతూ ఉన్నాడు.